ప్రాక్టీస్‌లో మూలలకే కొడుతున్నా, మ్యాచ్‌లో మాత్రం కీపర్ ఒంటికే: ఫుట్సల్ షూటింగ్‌కి మీరేం డ్రిల్స్ చేస్తున్నారు?

#1 ఎడమవింగ్11

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఫుట్సల్ (జట్టుకు ఐదుగురు చొప్పున చిన్న కోర్టులో ఆడే ఫుట్‌బాల్) ఆడుతున్నాను, ఎక్కువగా ఎడమ వింగ్‌లో. కుడికాలి వాణ్ణి. వారానికి మూడు రోజులు జట్టు ప్రాక్టీస్ కంటే అరగంట ముందే వచ్చి విడిగా షూటింగ్ చేస్తాను. గోల్ నాలుగు మూలల్లో బిబ్‌లు (ప్రాక్టీస్‌లో జట్లను వేరు చేయడానికి వేసుకునే రంగు చొక్కాలు) వేలాడదీసి, 8 మీటర్ల దూరంలో పది బంతులు వరసగా పెట్టుకుని కొడతాను. పదింటికి ఆరో ఏడో తగులుతాయి.

మ్యాచ్‌కి వచ్చేసరికి అదే కాలు, అదే బంతి. కానీ షాట్ వెళ్లి కీపర్ మోకాళ్లకు తగులుతుంది, లేదంటే క్రాస్‌బార్ పైనుంచి పోతుంది. గత ఐదు మ్యాచ్‌ల్లో 19 షాట్లు కొట్టాను, లెక్క రాసుకున్నాను. గోల్ ఒక్కటే. అది కూడా డిఫెండర్ కాలికి తగిలి దారి మారి లోపలికి పోయింది. మొన్న చివరి నిమిషంలో స్కోరు సమానంగా ఉండగా కీపర్, నేను ఇద్దరమే మిగిలాం. నేరుగా అతని ఒంటికే కొట్టాను. రాత్రంతా అదే కళ్ల ముందు తిరిగింది.

ఇంకా ఎక్కువ షాట్లు కొట్టాలా, డ్రిల్సే మార్చాలా? మీరేం చేసి బాగుపడ్డారో వివరంగా చెప్పండి.

#2 పివట్9

నాకూ ఇదే బాధ బ్రదర్. నేను పివట్‌గా ఆడతాను, గోల్‌కి వీపు పెట్టి బంతి తీసుకుని తిరిగి కొట్టాలి. తిరిగేలోపే కంగారు. సమాధానాల కోసం నేనూ ఎదురు చూస్తున్నా.

#3 సాయంత్రం_కోచ్

ఎడమవింగ్ తమ్ముడూ, నీ డ్రిల్‌లో బంతి ఆగి ఉంది. గోల్ ఖాళీగా ఉంది. కావలసినంత టైమ్ ఉంది. మ్యాచ్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ దొరకదు. పదికి ఏడు తగలడం నీ కాలు మంచిదని చెబుతుంది, అంతే. దొర్లుతున్న బంతి మీద, పక్కన మనిషి తోస్తుండగా, ఎదురుగా కీపర్ కదులుతుండగా కొట్టడం నువ్వు ఇంతవరకూ నేర్చుకోలేదు. అది వేరే పని.

డ్రిల్స్ సంగతి తర్వాత. ముందు ఒకటి చెయ్యి. ఎవరితోనైనా ఫోన్‌లో వీడియో తీయించు, స్లో మోషన్‌లో, పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి. ఆగిన బంతిని కొట్టేటప్పుడు ఐదు, దొర్లే బంతిని కొట్టేటప్పుడు ఐదు. తన్నే కాలిని చూడకు. నేల మీద ఆనే కాలిని చూడు. బంతి తగిలే క్షణంలో ఆ పాదం ఎక్కడుంది, వేళ్లు ఎటు తిరిగి ఉన్నాయి? రాసి పెట్టు.

ఇరవై ఏళ్లకు పైగా ఆడించాను, నేర్పించాను. షాట్ పక్కకు పోయిందంటే నేను ముందు చూసేది ఆనే కాలినే. నూటికి తొంభై సార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

#4 ఎడమవింగ్11

సార్, నిన్న తీయించాను. చూసి ఆశ్చర్యపోయాను.

ఆగిన బంతికి నా ఎడమ పాదం సరిగ్గా బంతి పక్కనే పడుతోంది, వేళ్లు గోల్ వైపే ఉన్నాయి. దొర్లే బంతికి వచ్చేసరికి పాదం బంతికి దాదాపు ఒక అడుగు వెనక పడుతోంది. బంతి ముందుకు పోతూనే ఉంది కదా, నేను దాన్ని అందుకోవడానికి కాలు చాపి, ఒళ్లు వెనక్కి వాల్చి కొడుతున్నా. వీడియో ఆపి చూస్తే నా గడ్డం పైకి లేచి ఉంది, భుజాలు మడమల కంటే వెనక ఉన్నాయి. ఆ ఐదింటిలో మూడు క్రాస్‌బార్ పైనుంచి పోయాయి. మిగతా రెండూ మధ్యలోకే.

ఇంకో సంగతి. వేళ్లు ప్రతిసారీ గోల్ మధ్యకే చూస్తున్నాయి. మూలకు కొట్టాలని మనసులో అనుకుంటున్నానే గానీ పాదం మాత్రం కీపర్ వైపు పెడుతున్నా.

#5 సాయంత్రం_కోచ్

జబ్బు నువ్వే కనిపెట్టేశావు.

ఇప్పుడు ఈ డ్రిల్ రెండు వారాలు చెయ్యి. గోల్‌కి 6 మీటర్ల దూరంలో, అంటే పెనాల్టీ మార్క్ దగ్గర, నేల మీద సుద్దతో ఒక అడ్డగీత గియ్యి. బంతిని వెనక నుంచి మెల్లగా నీ అరికాలితో ముందుకు దొర్లించు. బంతి గీత దాటే క్షణంలో నీ ఆనే పాదం కూడా గీత మీద పడాలి, బంతికి పక్కగా జానెడు దూరంలో. వెనక కాదు, పక్కన. బంతి కదులుతూ ఉంటుంది కాబట్టి పాదం అది ఇప్పుడున్న చోట కాదు, అది చేరబోయే చోట పడాలి. మొదటి రోజు అసలు గట్టిగా కొట్టకు. పాదం లోపలి వైపుతో పాస్ ఇచ్చినట్టు కొట్టు. పాదం సరిగ్గా పడిందా లేదా, అదొక్కటే లెక్క. గోల్ పడినా పాదం వెనక పడితే సున్నా. గోల్ తప్పినా పాదం సరిగ్గా పడితే ఒకటి.

అది కుదిరాక వేళ్లను ఏ మూలకు కొట్టాలో ఆ మూలకు తిప్పి పెట్టు. తన్నే కాలి చీలమండ బిగించి ఉంచు, వదులుగా ఉంటే బంతి తగిలినప్పుడు పాదం తిరిగిపోతుంది. ఛాతీ బంతి మీదికి వంగి ఉండాలి. తన్నాక ఆ కాలే ముందడుగుగా నేల మీద పడాలి. వెనక్కి అడుగు పడిందంటే వెనక్కి వాలావని అర్థం.

బంతి సంగతి కూడా తెలుసుకో. ఫుట్సల్ బంతి సైజ్ 4, బరువు 400 నుంచి 440 గ్రాములు. 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటి ఎగురు 50 నుంచి 65 సెంటీమీటర్ల మధ్యే ఉండాలని నిబంధన. అంత తక్కువ ఎగిరే బంతి నేలను అంటిపెట్టుకుని పోతుంది. అందుకే నేల మీద కొట్టే షాట్ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఫుట్‌బాల్ మైదానం నుంచి వచ్చినవాళ్లు ఇది ఆలస్యంగా తెలుసుకుంటారు.

#6 చెక్కకోర్టు

మధ్యలో చిన్న మాట. చెక్క ఫ్లోర్ మీద దుమ్ము ఉంటే ఆనే కాలు జారుతుంది. జారుతుందన్న భయంతో తెలియకుండానే పొట్టి అడుగు వేస్తాం, పాదం బంతి వెనకే ఆగిపోతుంది. నేను ఆరు నెలలు నా టెక్నిక్‌నే తిట్టుకున్నాను, తీరా చూస్తే బూట్ల అడుగు అరిగి నున్నగా అయిపోయింది. ప్రాక్టీస్ ముందు తడిగుడ్డతో అడుగులు తుడుచుకోండి, అరిగితే మార్చండి. చాలా చిన్న విషయం, కానీ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

#7 పాత_కీపర్

పన్నెండేళ్లు గోల్‌లో నిలబడ్డాను. అవతలి వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను, షూటర్లకు ఇది ఎవరూ చెప్పరు.

ఫుట్సల్ గోల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. నేను లైన్ మీదే నిలబడితే రెండు మూలలూ ఖాళీ. అందుకే నిలబడను. మీరు బంతి ముందుకు నెట్టుకున్న క్షణంలో రెండడుగులు బయటికి వస్తాను, ఒక మోకాలు నేలకు దించి, రెండో కాలు చాపి, చేతులు పక్కలకు విప్పి గోడలా అయిపోతాను. అప్పుడు మీకు కనిపించేది గోల్ కాదు, నేనే. మనిషి కన్ను పెద్దగా కనిపించేదాని మీదికే పోతుంది, కాలు కన్ను వెంట పోతుంది. మీ షాట్ నా ఒంటికి తగిలేది అందుకే. దురదృష్టం అనుకోకండి.

నేను మీలో చూసేవి మూడు. మొదటిది, ఆనే పాదం వేళ్లు. కోచ్ గారు చెప్పినట్టు అవి గురి చూపిస్తాయి. మీకూ చూపిస్తాయి, నాకూ చూపిస్తాయి. రెండోది, కాలు ఎంత వెనక్కి లేచింది అన్నది. పెద్దగా వెనక్కి తీస్తే నాకు కుదురుకోవడానికి టైమ్ దొరుకుతుంది. మూడోది, తల. చాలామంది కొట్టబోయే మూలను ఒకసారి చూసి, తల దించి, ఇంక ఎత్తరు. ఆ ఒక్క చూపు నాకు చాలు.

నాకు కష్టమైన షాట్లు ఏవో కూడా చెబుతాను. నా చాపిన కాలి పాదానికి ఆనుకుని నేల మీద వేగంగా వచ్చేది. చేతులు కిందికి తేవాలంటే ఆలస్యం, కాలు అప్పటికే నేల మీద బరువుతో ఉంది, కదలదు. తర్వాతది, భుజానికీ చెవికీ మధ్య నుంచి పోయేది. అన్నిటికంటే కష్టం, నేను ముందుకు కదులుతూ ఇంకా కుదురుకోకముందే వచ్చే షాట్. అది బలహీనంగా వచ్చినా గోలే. నా బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్న ఆ అర క్షణంలో నేను ఎటూ దూకలేను.

కాబట్టి ఎడమవింగ్ గారూ, ఖాళీ గోల్‌కి మూలల్లో బిబ్‌లు పెట్టి ఎన్ని వేలు కొట్టినా నా మోకాళ్ల సంగతి మీకు అలవాటు కాదు. డ్రిల్‌లో కీపర్ ఉండాలి. దొరక్కపోతే గోల్‌కి 3 మీటర్ల ముందు ఒక కుర్చీ పెట్టి దాని చేతుల మీద ఒక కర్ర అడ్డంగా కట్టండి. కుర్చీని చూడకుండా పక్కనున్న ఖాళీని చూడటం నేర్చుకోండి.

#8 పివట్9

కీపర్ గారూ, "కాలు పెద్దగా వెనక్కి తీస్తే టైమ్ దొరుకుతుంది" అన్నారు కదా. అయితే బొటనవేలితో పొడవడం మంచిదేనా? చిన్నప్పుడు అలా కొడితే మా కోచ్ తిట్టేవారు, చేతగానివాళ్లు కొట్టే షాట్ అనేవారు. ఇప్పటికీ అలా కొట్టాలంటే సిగ్గుగా ఉంటుంది.

#9 సాయంత్రం_కోచ్

సిగ్గు అక్కర్లేదు. 2002 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో టర్కీ మీద బ్రెజిల్ గెలిచింది ఒకే ఒక్క గోల్‌తో. రొనాల్డో దాన్ని బొటనవేలితోనే పొడిచాడు. చుట్టూ డిఫెండర్లు, పరుగు ఆపకుండానే కొట్టాడు, కీపర్‌కి కుదురుకునే అవకాశమే దొరకలేదు. కుర్రతనంలో ఫుట్సల్ ఆడి పెరిగినవాడు. బ్రెజిల్‌లో ఈ షాట్‌కి బీకో అని విడిగా పేరే ఉంది.

అయితే గుడ్డిగా పొడిస్తే బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. పాదం లోపలి వైపుతో కొడితే బంతికి తగిలే చోటు వెడల్పుగా ఉంటుంది, చిన్న తప్పు కలిసిపోతుంది. బొటనవేలికి ఆ వెసులుబాటు లేదు. వేలు బంతి మధ్యకు రెండు సెంటీమీటర్లు పక్కగా తగిలినా దారి మారిపోతుంది. కాబట్టి దీన్ని దగ్గర నుంచే, 5 నుంచి 7 మీటర్ల లోపే వాడండి.

నేర్పేది ఇలా: ఇద్దరు ఎదురెదురుగా 5 మీటర్ల దూరంలో, మధ్యలో రెండు కోన్‌లు, సందు 60 సెంటీమీటర్లు. నడుస్తూ, బంతి దొర్లుతుండగా, అడుగు ఆపకుండా పొడవాలి. కాలు వెనక్కి తీయకూడదు, నడకలో పడే అడుగే షాట్. వేళ్లు బూటు లోపల పైకి ముడుచుకోవాలి, చీలమండ బిగించాలి. బంతి నడిమికి కాస్త కింద తగలాలి. ఒకరికి ఇరవై చాలు, ఎక్కువైతే వేలి గోరు నొప్పెడుతుంది.

#10 లెక్కల_మనిషి

నేను మామూలు ఆటగాణ్ణే, లెక్కలంటే ఇష్టం. కీపర్ గారు చెప్పినది అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది.

10 మీటర్ల రెండో పెనాల్టీ మార్క్ తీసుకుందాం. ఒక హాఫ్‌లో జట్టు ఐదు ఫౌళ్లు దాటితే, ఆరో ఫౌల్ నుంచి ఎదుటివాళ్లకు అక్కడి నుంచి, అడ్డంగా డిఫెండర్ల గోడ లేకుండా, కిక్ వస్తుంది. అక్కడి నుంచి గోల్ రెండు పోస్టుల మధ్య కోణం సుమారు 17 డిగ్రీలు. 6 మీటర్ల నుంచి అయితే 28. ఒక్క డిగ్రీ గురి తప్పితే 10 మీటర్ల దగ్గర బంతి 17 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. బంతి అడ్డుకొలతే 20 సెంటీమీటర్లు. అంటే ఒక డిగ్రీ తప్పు దాదాపు ఒక బంతి అంత. పోస్టుకు ఆనించి కొట్టాలని చూసేవాడు ఒక్క డిగ్రీకే గోల్ పోగొట్టుకుంటాడు. అందుకే నేను పోస్టుకు గురి పెట్టను. పోస్టు నుంచి రెండు బంతులంత లోపలికి పెడతాను. డిగ్రీ అటు పోయినా ఇటు పోయినా బంతి గోల్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు కీపర్ సంగతి. ఆ కిక్‌కి అతను బంతికి 5 మీటర్ల దూరం దాకా ముందుకు రావచ్చు. సగం దూరంలో నిలబడితే, అతను మూయాల్సిన వెడల్పు కూడా సగమే, 3 మీటర్లకు బదులు ఒకటిన్నర. నేల మీద నుంచి క్రాస్‌బార్ కిందికి సూటిగా పోయే బంతి అతని దగ్గర మీటరు ఎత్తులోనే ఉంటుంది. చేతులు చాపిన మనిషి వెడల్పు చాలామందికి ఒకటిన్నర మీటర్లు దాటుతుంది. కాగితం మీద చూస్తే గోల్ మొత్తం మూసుకుపోయినట్టే!

మరి గోల్ ఎలా పడుతుంది? టైమ్ వల్ల. బంతి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 20 మీటర్లు. 5 మీటర్లు దాటడానికి పావు సెకను. కళ్లతో చూసి ఒళ్లు కదలడం మొదలవడానికే 0.2 సెకన్లు పడుతుంది. చేయి అక్కడికి చేరడానికి ఇంకేం మిగలదు. అతను ముందే ఊహించి కదలాలి, లేదా తగిలేలా వెడల్పుగా నిలబడాలి. అంటే మనం ఎటు కొడతామో ముందే చెప్పకపోవడం కూడా గురిలో భాగమే.

#11 పాత_కీపర్

లెక్కల గారూ, నూటికి నూరు పాళ్లు నిజం. ముందుకొచ్చి నిలబడ్డప్పుడు నేను బంతిని చూసి ఆపుతున్నానని బయటివాళ్లు అనుకుంటారు. నేను ఆపేది మనిషిని చూసి.

#12 అమ్మాయిల_జట్టు_కోచ్

మంచి చర్చ. కోచ్ గారు చెప్పిన ఆనే కాలు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒకే చోట నుంచి ఒకే షాట్ రెండు వారాలు చేయించడం దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

నేను పద్నాలుగు, పదిహేనేళ్ల అమ్మాయిలకు నేర్పుతాను. మొదట్లో నేనూ అలాగే చేయించేదాన్ని. ఒకే చోటు, ఒకే షాట్, ముప్పై సార్లు. ఆ రోజు చూస్తే ముచ్చటగా ఉండేది, పదో షాట్ నుంచి అందరూ మూలలకే. రెండు రోజుల తర్వాత వచ్చి కొడితే మళ్లీ మొదటికే. ఇది కొత్త విషయమేం కాదు. 1979లో షీ, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు ఒకే కదలికను వరసగా చేసి, తర్వాత రెండోదానికి వెళ్లింది. ఇంకో గుంపు అన్నిటినీ కలగాపులగంగా చేసింది. సాధన చేస్తున్నంతసేపు మొదటి గుంపే మెరుగ్గా కనిపించింది. తర్వాత పరీక్ష పెడితే గుర్తున్నది కలగాపులగంగా చేసినవాళ్లకే. ఆ తర్వాత ఆటల్లో కూడా ఈ సంగతి మీద చాలా పని జరిగింది.

ఇప్పుడు మా ప్రాక్టీస్‌లో ఏ ఇద్దరమ్మాయిలూ వరసగా ఒకే షాట్ కొట్టరు. మేము బాగా వాడే డ్రిల్ ఒకటి చెబుతాను. గోల్ వెనక ఒకమ్మాయి రెండు రంగుల బిబ్‌లు పట్టుకుని నిలబడుతుంది, కుడి చేతిలో ఎరుపు, ఎడమ చేతిలో పసుపు. నేను వింగ్ నుంచి పాస్ ఇస్తాను. బంతి నా కాలి నుంచి బయల్దేరాక మాత్రమే ఆ అమ్మాయి ఒక బిబ్ ఎత్తుతుంది. షూటర్ ఆ రంగు పేరు గట్టిగా చెప్పి, దానికి ఎదురు మూలకు కొట్టాలి. ఎదురు మూల ఎందుకంటే, ఎత్తిన బిబ్ అంటే కీపర్ అటు కదిలాడని అర్థం. పేరు చెప్పకపోతే గోల్ పడినా లెక్కలోకి రాదు. ఇందులో తల ఎత్తక తప్పదు. ఒకసారి కుడి నుంచి పాస్, ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి గాలిలో, ఒకసారి వీపు వెనక నుంచి.

మొదటి వారం అమ్మాయిలు విసుక్కున్నారు. "మేడమ్, ఇంతకుముందు బాగా కొట్టేవాళ్లం, ఇప్పుడు పాడైపోయాం" అన్నారు. ఆ వారం ఓపిక పట్టాలి, కోచ్‌కి అదే కష్టం.

#13 సాయంత్రం_కోచ్

మేడమ్ గారూ, మీ రంగుల డ్రిల్ బాగుంది, రేపటి నుంచే వాడతాను. కానీ నా మాట కూడా వినండి. పాదం అడుగు వెనక పడేవాడికి కలగాపులగంగా పెడితే, ఆ తప్పునే అన్ని కోణాల నుంచీ సాధన చేస్తాడు. ముందు కాస్త స్థిరపడనివ్వాలి. రెండు వారాలు ఎక్కువన్నారు, సరే, ఒక వారానికి ఒప్పుకుంటాను. ఆ తర్వాత కూడా రోజూ మొదటి ఐదు నిమిషాలు సుద్దగీత ఉండాలి, మిగతా సమయం మీ పద్ధతిలో.

#14 అమ్మాయిల_జట్టు_కోచ్

ఐదు నిమిషాల సుద్దగీత ఒప్పుకున్నాను సార్.

#15 చిన్నోడి_నాన్న

మా అబ్బాయికి పదేళ్లు. ఇవన్నీ వాడికి పనికొస్తాయా? వాడికి గట్టిగా కొట్టడమే సరదా, గురి అంటే బోర్ అంటాడు. ఇంట్లో గోడకు కొడుతుంటాడు.

#16 అమ్మాయిల_జట్టు_కోచ్

గట్టిగా కొట్టనివ్వండి అండీ. ఆ వయసులో కాలు ధైర్యంగా ఊపడం కూడా నేర్చుకోవలసిందే. గోడ చాలా మంచి జోడీ, ఎన్నిసార్లు కొట్టినా అలిసిపోదు. గోడ మీద సుద్దతో 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గోల్ గీసి, లోపల వాడికి నచ్చిన బొమ్మలు గీయమనండి, ఏ బొమ్మకు కొడతాడో ముందే చెప్పి కొట్టమనండి. రెండు కాళ్లతోనూ. గోడ నుంచి తిరిగొచ్చే బంతిని అరికాలితో ఆపి మళ్లీ కొట్టడం వాడికి తెలియకుండానే దొర్లే బంతి మీద సాధన. ఇంక మీరేం సరిదిద్దొద్దు.

#17 కాళ్ల_ఫిజియో

షూటింగ్ అనగానే అందరూ వందల షాట్లు మొదలుపెడతారు. నా దగ్గరికి గజ్జల నొప్పితో వచ్చే ఫుట్సల్ ఆటగాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. తొడ లోపలి కండరాలు ప్రతి షాట్‌కీ లాగుతాయి, కోర్టు గట్టిది, ఆట నిండా ఆగడం, తిరగడం. పూర్తి బలంతో కొట్టేవి తక్కువగా ఉంచండి, మిగతావి సగం బలంతో. వేడెక్కకుండా మొదటి షాట్ ఎప్పుడూ బలంగా కొట్టొద్దు. మోకాళ్ల మధ్య బంతి పెట్టుకుని నొక్కడం, పక్కకు తిరిగి పడుకుని కింది కాలు ఎత్తడం వారానికి రెండు మూడుసార్లు చేయండి. గజ్జల్లో నొప్పి మర్నాటికి కూడా తగ్గకపోతే షూటింగ్ ఆపి చూపించుకోండి, సర్దుకుంటుందిలే అని ఆడొద్దు.

ఇంకోటి, అలిసిపోయిన కాలితో టెక్నిక్ సరిచేసుకోవడం కుదరదు. గురి డ్రిల్స్ ప్రాక్టీస్ మొదట్లో పెట్టండి.

#18 పివట్9

నేను ఈ మూడు వారాలుగా చేస్తున్నది చెబుతాను. మా జట్టులో వింగ్ ఆటగాడు నాకు బంతి ఇస్తాడు, నేను గోల్‌కి వీపు పెట్టి అరికాలితో ఆపి, వెనక నుంచి పరిగెత్తుకొచ్చేవాడికి పక్కకు దొర్లిస్తాను. అతను ఒక్క టచ్‌లో కొట్టాలి. ఇక్కడ మేము కనుక్కున్నది, షూటర్ గురి సగం నా చేతిలోనే, అంటే నా కాలిలోనే ఉంది. నేను బంతిని అతని పరుగు ముందుకు మెల్లగా దొర్లిస్తే ఆనే కాలు సరిగ్గా పడుతోంది. గట్టిగా ఇస్తే బంతి ఎగిరి అతని కాలి కిందికి వస్తుంది, షాట్ పాడవుతుంది. ఇంతకుముందు నేను షూటర్‌నే తిట్టేవాణ్ణి, పాపం.

ఇంకోటి, రెండో పోస్ట్ డ్రిల్. వింగ్ నుంచి కొట్టేవాడు దూరపు పోస్ట్ వైపు నేల మీద కొడతాడు, ఒక ఆటగాడు ఆ పోస్ట్ దగ్గరికి పరిగెత్తుతాడు. షాట్ లోపలికి పోతే గోల్, కీపర్ ఆపితే బంతి అతని ముందే పడుతుంది, కాస్త బయటికి పోతే అతను కాలు పెట్టి నెడతాడు. దగ్గరి పోస్ట్ వైపు కొట్టి తప్పితే బంతి బయటికే పోతుంది, ఎవరికీ పనికిరాదు. ఎడమవింగ్ బ్రదర్, నీది ఎడమ వైపు, కుడికాలు కాబట్టి లోపలికి తిరిగి కొడతావు. నీకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

#19 ఎడమవింగ్11

నాలుగు వారాలైంది, ఏం జరిగిందో రాస్తున్నాను.

మొదటి వారం సుద్దగీత మాత్రమే. రెండో రోజుకే పాదం పడటం కుదిరింది. మూడో రోజు వేగం పెంచితే మళ్లీ వెనక పడింది. అప్పుడొక విషయం తెలిసింది. నేను బంతిని ముందుకు నెట్టే టచ్ పొడుగైపోతోంది, అందుకే అందుకోలేకపోతున్నా. టచ్ పొట్టిగా, కాస్త పక్కకు పెడితే పాదం దానంతట అదే సరైన చోట పడుతోంది. అంటే తప్పు ఆనే కాలికంటే ముందే మొదలవుతోంది.

రెండో వారం నుంచి రంగుల డ్రిల్. తమ్ముణ్ణి గోల్ వెనక నిలబెట్టాను. మొదటి రోజు 20 షాట్లలో రంగు సరిగ్గా చెప్పి సరైన మూలకు కొట్టినవి 4. అవమానంగా అనిపించింది. నా పాత డ్రిల్‌లో పదికి ఏడు కొట్టేవాణ్ణి కదా! నిన్న 20కి 11 వచ్చాయి.

మ్యాచ్‌లు రెండు ఆడాను. మొదటిదాంట్లో గోల్ లేదు, కానీ కొట్టిన నాలుగూ నేల మీదే ఉన్నాయి, ఒక్కటీ పైనుంచి పోలేదు. రెండోదాంట్లో ఎడమ నుంచి లోపలికి తిరిగి దూరపు పోస్ట్‌కి కొట్టాను, కీపర్ కాలితో ఆపాడు, మా పివట్ అక్కడే ఉన్నాడు, నెట్టాడు. గోల్ అతనిదే, కానీ నాకు చాలా సంతోషం వేసింది.

ఒక్క సమస్య మిగిలింది. ఆ మ్యాచ్‌లోనే 10 మీటర్ల కిక్ వచ్చింది. నేనే తీసుకున్నా. కీపర్ ముందుకొచ్చి చేతులు విప్పాడు, టెన్షన్‌లో మళ్లీ అతని మోకాలికే కొట్టాను.

#20 పాత_కీపర్

ఆ కిక్‌కి సాధన వేరు. వరసగా ఇరవై కొట్టకండి. మ్యాచ్‌లో అది ఒక్కటే వస్తుంది, అలసటలో, కాళ్లు చల్లబడ్డాక, అందరూ చూస్తుండగా. ప్రాక్టీస్‌లో కూడా ఒక్కటే కొట్టండి. ఆట మధ్యలో కోచ్ ఎప్పుడైనా విజిల్ వేయాలి, మీ పేరు పిలవాలి, మిగతావాళ్లంతా పక్కన నిలబడి చూడాలి. కీపర్ 5 మీటర్లకు రావాలి. కొట్టాక, పడినా పడకపోయినా రెండో అవకాశం లేదు, ఆట కొనసాగాలి. వారానికి మూడు అలాంటివి వంద ఊరికే కొట్టిన వాటికంటే విలువైనవి.

ఎటు కొట్టాలో బంతి పెట్టకముందే నిర్ణయించుకోండి, ఇంక మార్చకండి. మధ్యలో మనసు మార్చుకున్న షాటే నా మోకాలికి తగిలేది. పరుగు చిన్నదిగా ఉంచండి, మూడడుగులు. నా ఒంటిని చూడొద్దు, బంతి మీద మీరు తన్నబోయే చోటు చూడండి.

#21 ఎడమవింగ్11

కీపర్ గారూ, మా కోచ్‌కి చూపించాను. గురువారం నుంచి విజిల్ మొదలైంది. ఇప్పటికి ఐదు కొట్టాను, రెండు పడ్డాయి. ఐదోది మీరన్నట్టు కీపర్ చాపిన కాలి పాదానికి ఆనుకుని నేల మీద పోయింది. లేచి వచ్చి, "కాలు ఎత్తేలోపే దాటిపోయింది" అన్నాడు. కుడి మూల అని బంతి పెట్టకముందే అనుకున్నా, మార్చలేదు.

సోమవారం మ్యాచ్ ఉంది. లెక్క రాసుకుని వస్తాను.